వెండి వరఖ్ నుంచి నానో యూరియా దాకా: బల్ల చుట్టూ ఎవరెవరు కూర్చోవాలి?

చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో వెండి వరఖ్ కొట్టే కొట్లు ఇప్పటికీ అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. పనివాడు తోలు పొరల పుస్తకంలో ఒక్కో పొర మధ్య చిన్న వెండి ముక్కను ఉంచి, కట్ట కట్టి, రాతి మీద పెట్టి గంటల తరబడి సుత్తితో ఒకే లయలో కొడతాడు. చివరికి బయటికి వచ్చే రేకు ఎంత పలచగా ఉంటుందంటే, దాన్ని వేలితో ఎత్తబోతే వేలికే అంటుకుపోతుంది. అందుకే కాగితంతో సహా ఎత్తి మిఠాయి మీద పరుస్తారు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం ఈ రేకు చదరపు మీటరుకు 2.8 గ్రాముల బరువుకు మించకూడదు. వెండి సాంద్రతతో భాగించి చూస్తే ఆ రేకు మందం సుమారు 270 నానోమీటర్లని తేలుతుంది. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. మన తలవెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు. శాస్త్రజ్ఞులు సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య కొలతలున్న పదార్థాలను నానో పదార్థాలంటారు కాబట్టి, పాతబస్తీ సుత్తి ఆ గడప దాకా వెళ్లి ఆగిందన్నమాట.

ఆ నిబంధనలో ఇంకో షరతు కూడా తెచ్చారు. జంతు సంబంధమైన పదార్థం ఏ దశలోనూ వాడకూడదని 2016లో చేర్చారు. మిఠాయి తినే శాకాహారికి అది న్యాయమైన కోరిక. తరతరాలుగా తోలు పొరల మధ్యే కొట్టిన పనివాడికి అది జీవనాధారం ప్రశ్న. మిఠాయి అంగడివాడికి ధర, అధికారికి తనిఖీ ముఖ్యం. గోరంత వెండి రేకు మీద ఇన్ని పక్షాలుంటే, కంటికి కనిపించని వెండి రేణువుల మీద ఎన్ని పక్షాలుంటాయో ఊహించవచ్చు.

రేణువు చిన్నదైతే గుణం ఎందుకు మారుతుందో హైదరాబాదువాళ్లకు గజాల లెక్కలో చెబితే తేలిగ్గా బోధపడుతుంది. సెంటీమీటరు భుజం ఉన్న వెండి ఘనం ఒకటి తీసుకుందాం. దాని బరువు పది గ్రాములకు కాస్త ఎక్కువ, అంటే మన కంసాలి లెక్కలో తులం. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు, తపాలా బిళ్లంత. అదే వెండిని పది నానోమీటర్ల ఘనాలుగా కోసుకుంటూ పోతే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లవుతుంది, అంటే ఏడు వందల గజాల పైచిలుకు ప్లాటు! రసాయన చర్యలు జరిగేది ఉపరితలం మీదే కాబట్టి, తులం వెండి ఒక్కసారిగా ఏడు వందల గజాల మేర పని చేస్తుంది. బాక్టీరియాను చంపే వెండి అయాన్లు ధారాళంగా విడుదలయ్యేది ఇందువల్లే. మేలూ కీడూ రెండూ ఈ ఒక్క కారణం నుంచే పుడతాయి.

మేలు సంగతి ఈ నగరం దగ్గరి నుంచి చూసింది. 2021లో బ్లాక్ ఫంగస్ రోగులతో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయినప్పుడు బంధువులు ఊరంతా తిరిగి వెతికిన మందు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్. పాత ఆంఫోటెరిసిన్ ఫంగస్‌ను చంపుతుంది గానీ మూత్రపిండాలను బాగా దెబ్బతీస్తుంది. అదే మందును వంద నానోమీటర్ల లోపు కొవ్వు బుడగల్లో ఇమిడిస్తే ఆ దెబ్బ చాలావరకు తగ్గుతుంది. బాలాపూర్‌లోని పదార్థాల పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ శాస్త్రజ్ఞులు మంచినీటి ఫిల్టర్లలో వాడే సిరామిక్ క్యాండిల్‌కు నానో వెండి పూత పూసే పద్ధతిని రూపొందించారు. నీళ్లు కరెంటు లేకుండానే శుభ్రపడతాయి, పూత పింగాణీకి అంటుకొని ఉంటుంది.

అంటుకొని ఉండటం అన్న మాటను ఇక్కడ కాస్త పట్టి చూడాలి. పదార్థం హానికరమైనదా అన్నది ఒక ప్రశ్న, అది మన ఊపిరిలోకో నీటిలోకో చేరే దారి ఉందా అన్నది ఇంకో ప్రశ్న. ప్రమాదం ఈ రెంటి మీదా ఆధారపడుతుంది. పింగాణీకి అతుక్కున్న వెండికీ, దుర్వాసన రాకుండా మేజోళ్లకు పట్టించిన వెండికీ తేడా అక్కడే ఉంది. మేజోళ్ల వెండి ఉతికినప్పుడల్లా కొంత కొంత కాలువలో కలుస్తుంది. మురుగునీటి శుద్ధి కేంద్రంలో చాలా భాగం గంధకంతో కలిసి వెండి సల్ఫైడ్‌గా మారి బురదలో చేరుతుందని, ఆ రూపంలో దాని విషగుణం బాగా తగ్గుతుందని పరిశోధనలు చూపాయి. ఇది ఊరట కలిగించే మాటే, కానీ మురుగు శుద్ధి కేంద్రం దాకా చేరినప్పటి మాట. శుద్ధి కాకుండా మూసీలో కలిసే మురుగుకు ఈ ఊరట ఉందని గట్టిగా చెప్పలేము. పటాన్‌చెరు ప్రాంతపు వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ మందులు అసాధారణ మోతాదులో ఉన్నట్లు 2007లో ప్రపంచానికి తెలిసిన తరువాత, బాక్టీరియాను చంపే పదార్థం ఏదైనా నీటిలో కలుస్తుందంటే ఈ నగరానికి ఉలికిపాటు సహజమే.

ఇటువంటి విషయాల మీద అందరినీ ఒకచోట చేర్చాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో రాయల్ సొసైటీ, రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ కలిసి 2004లో ఇచ్చిన నివేదిక ప్రజలతో ముందుగానే మాట్లాడాలని గట్టిగా చెప్పింది. ఐరోపా కమిషన్ 2008లో నానో పరిశోధనకు ప్రవర్తనా నియమావళిని సిఫారసు చేసింది. మన దేశంలో 2007లో వెయ్యి కోట్ల రూపాయలతో నానో మిషన్ అనే ప్రభుత్వ పరిశోధన పథకం మొదలైంది. నానో మందుల మూల్యాంకనానికి 2019లో, వ్యవసాయ, ఆహార ఉత్పత్తులకు 2020లో బయోటెక్నాలజీ విభాగం మార్గదర్శకాలు వెలువరించింది. కాగితం మీద లోటు పెద్దగా లేదు.

లోటు ఎక్కడుందో ఇటీవలి నానో యూరియా కథ చెబుతుంది. 2021లో ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో మార్కెట్లోకి తెచ్చిన అర లీటరు సీసా ఒక 45 కిలోల యూరియా బస్తాకు సమానమన్నారు. లెక్క వేద్దాం. యూరియాలో 46 శాతం నత్రజని కాబట్టి బస్తాలో ఇరవై కిలోల పైచిలుకు నత్రజని ఉంటుంది. మొదట వచ్చిన సీసాలో 4 శాతం, అంటే 20 గ్రాములు. సుమారు రెండు కిలోల వడ్ల గింజల్లోనే అంత నత్రజని ఉంటుంది. నేలలో వేసిన యూరియాలో సగానికి పైగా గాలిలోకో భూగర్భ జలాల్లోకో పోతుందని, ఆకు మీద చల్లిన నానో రేణువులు పత్రరంధ్రాల గుండా నేరుగా లోపలికి వెళ్లి సమర్థంగా పని చేస్తాయని ఉత్పత్తిదారుల వాదన. 94 పంటల మీద రైతుల పొలాల్లో పరీక్షించామని కూడా చెప్పారు. వృథా అవుతుందన్న మాటలో నిజం ఉంది. అయితే బస్తాలో సగం పోయినా పది కిలోలు మిగులుతుంది, పది కిలోల పనిని ఇరవై గ్రాములు ఎలా చేస్తాయన్న ప్రశ్నను పలువురు శాస్త్రజ్ఞులు లేవనెత్తారు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్ల ప్రయోగాల్లో సిఫారసు ప్రకారం యూరియా తగ్గించి నానో యూరియా వాడితే వరి, గోధుమ దిగుబడులు తగ్గాయి. తరువాత నత్రజని శాతాన్ని పెంచి కొత్త సీసా తెచ్చారు.

ఎవరి వాదన నెగ్గిందన్నది నా దృష్టిలో రెండో విషయం. ఈ చర్చంతా సీసా అంగట్లోకి వచ్చాక జరిగింది. యూరియా కోసం ఎండలో చెప్పులు వరుసలో పెట్టి నిలబడిన తెలంగాణ రైతు చాలాసార్లు ఆ సీసాను మొదట చూసింది బస్తాతో పాటు అంటగట్టిన వస్తువుగానే. అటువంటి పరిచయం తరువాత ఎంత మంచి శాస్త్రం చెప్పినా అతని చెవికెక్కదు, అందుకు అతన్ని తప్పుపట్టలేము.

నమ్మకం పోవడానికి నిజమైన నానో రేణువు కూడా అక్కరలేదు. 2006లో జర్మనీలో 'మ్యాజిక్ నానో' పేరుతో అమ్మిన ఒక శుభ్రపరిచే స్ప్రే వాడి వంద మంది దాకా శ్వాస ఇబ్బందికి గురయ్యారు, కొందరు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రి పాలయ్యారు. వార్త ప్రపంచమంతా పాకింది. తీరా పరీక్షిస్తే అందులో నానో రేణువులే లేవని తేలింది. పేరు అమ్మకానికి పనికొచ్చింది, ఆ పేరే నిందకూ పనికొచ్చింది. సీసాలో ఏముందో బయటివాళ్లకు చెప్పే ఏర్పాటు ముందే ఉండి ఉంటే ఆ గందరగోళం ఒక్క రోజులో తీరేది.

ఇంతకీ ఇటువంటి చర్చకు పిలవవలసినవాళ్లకు తెలుగులో మనం వాడే 'భాగస్వామి' అన్న మాట కొంచెం పొట్టిది. వినగానే లాభంలో వాటా గుర్తొస్తుంది. ఇక్కడ కావలసినవాళ్లలో నష్టంలో మాత్రమే వాటా ఉన్నవాళ్లు కూడా ఉన్నారు: పొడి సంచులు విప్పే చిన్న కర్మాగారం కూలీ, మందు చల్లే వ్యక్తి, బట్టలు ఉతికే నీటికి దిగువన కూరగాయలు పండించే రైతు. పొడవైన, గట్టి కార్బన్ నానోగొట్టాలు ఎలుకల పొట్ట పొరల్లో ఆస్బెస్టాస్ (ఊపిరితిత్తులను దెబ్బతీసే రాతినార) నారల్లాంటి వాపును కలిగించాయని 2008లో తేలింది. ఆస్బెస్టాస్ విషయంలో హెచ్చరికలకూ చర్యలకూ మధ్య దశాబ్దాలు గడిచాయి, ఆ దశాబ్దాల దుమ్మును పీల్చినవాళ్లను ఏ సమావేశానికీ పిలవలేదు.

పిలిస్తే వాళ్లకు ఏం అర్థమవుతుందని అడిగేవారికి జహీరాబాద్ దగ్గరి ఆల్గోల్ గ్రామం సమాధానం చెప్పింది. 2001 జూన్‌లో అక్కడ 'ప్రజాతీర్పు' పేరుతో పౌర న్యాయమండలి జరిగింది. దాదాపు ఇరవై మంది చిన్నకారు రైతులు, వారిలో ఎక్కువ మంది మహిళలు, రోజుల తరబడి కూర్చొని వ్యవసాయ భవిష్యత్తు మీద ప్రభుత్వ, కంపెనీ, విశ్వవిద్యాలయ, స్వచ్ఛంద సంస్థల సాక్షులను ప్రశ్నించారు. అప్పటి ప్రభుత్వ 'విజన్ 2020' పత్రం వ్యవసాయంపై బతికేవారిని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలంటే, మిగతావాళ్లు ఎక్కడికి పోవాలని అడిగారు. జన్యుమార్పిడి పంటలను వద్దన్నారు. ఆ తీర్పు న్యాయంగా జరగలేదని బ్రిటన్ ప్రభుత్వ సహాయ సంస్థ మరుసటి ఏడాది అభ్యంతరం చెప్పగా పెద్ద వివాదమే నడిచింది. అభ్యంతరాల్లో ఆలోచించదగ్గవి ఉన్నాయి: సాక్షులను ఎవరు ఎంచారు, రైతులకు చూపించిన వీడియోలు ఎవరు తీశారు అన్నవి అడగవలసిన ప్రశ్నలే. కానీ సాక్షి మాట అర్థం కాకపోతే మళ్లీ చెప్పించుకునే హక్కు రైతుకు ఇచ్చిన ఆ పద్ధతి మాత్రం అపురూపం. 2010 జనవరిలో జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయ మీద హైదరాబాదులో జరిగిన బహిరంగ సంప్రదింపు దీనికి భిన్నం. హాలు కిక్కిరిసే సభలో గొంతు పెద్దదున్నవాడి మాట వినిపిస్తుంది. ఎదురు ప్రశ్నకు తావుండదు.

నానో విషయంలో హైదరాబాదుకు ఒక అదృష్టం ఉంది. అణువుల సంగతి తెలిసిన ఐఐసీటీ, కణాల సంగతి తెలిసిన సీసీఎంబీ, తిండిలో విషాల సంగతి తెలిసిన జాతీయ పోషకాహార సంస్థ, మూడూ తార్నాక, హబ్సిగూడ పరిసరాల్లోనే ఉన్నాయి. పదార్థం తయారుచేసేవాళ్లు బాలాపూర్‌లో, పంట సంగతి తెలిసినవాళ్లు రాజేంద్రనగర్‌లో ఉన్నారు. ఒక ఆర్టీసీ బస్సు మధ్యాహ్నం లోపు అందరినీ ఎక్కించుకోగలదు. వీళ్లు ఒకరి సెమినార్లకు ఒకరు వెళుతూనే ఉంటారు. ఆ గదుల్లో కనిపించనిది మిగతా పక్షం.

ఆ పక్షాన్ని పిలిచే క్రమం కూడా ముఖ్యమని నా అభిప్రాయం. శాస్త్రజ్ఞుడు ముప్పై స్లైడ్లు చూపించాక రైతును అభిప్రాయం అడిగితే అతను చెప్పగలిగేది 'బాగుంది సార్' అన్నదే. ముందు అతను మాట్లాడాలి, స్లైడ్లు అతని ప్రశ్నల చుట్టూ తయారుకావాలి. తయారీదారు తన పరీక్షల్లో విఫలమైన వాటిని కూడా బల్ల మీద పెట్టాలి. పేటెంటు దాఖలైన తరువాత ఆ పాటి విప్పడంలో వ్యాపార రహస్యమేమీ పోదు. సమాచార పత్రాలు తెలుగులో, ఉర్దూలో, మామూలు అక్షరం సైజులో ఉండాలి. కూలి మానుకొని వచ్చినవాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వాలి. ప్రజల డబ్బుతో జరిగే పరిశోధనలో ఈ ఖర్చు పైసల్లోకే వస్తుంది.

అటువంటి బల్ల దగ్గర మొదటి ప్రశ్న ఏమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. వీపున స్ప్రేయర్ మోసే మనిషి తువ్వాలును ముక్కు మీదుగా చుట్టుకొని, వెనక ముడి వేసుకొని పొలంలోకి దిగుతాడు. ఆ తువ్వాలు నేత సందులు నానో రేణువు కంటే వేల రెట్లు పెద్దవి. ద్రావణంలో ఉన్నంతసేపు రేణువు తుంపరతోనే ప్రయాణిస్తుంది, తుంపర గాలిలో ఆరిపోతే రేణువు ఒంటరిగా మిగులుతుంది. కాబట్టి స్ప్రేయర్ నాజిల్ రంధ్రం ఎంత, గాలి వేగం ఎంత, తుంపర పరిమాణం ఎంత అన్నవి కలిసి తేల్చవలసిన లెక్కలు. ఆ లెక్కకు కావలసిన పరికరాలు తార్నాకలో ఉంటే, ఆ తువ్వాలు పొలంలో ఉంది.