ఏ ఫోనైనా పనిచేస్తుందా?

కడప ఏడురోడ్ల చుట్టుపక్కల లాడ్జీలు, నర్సింగ్ హోములు చూడండి. రిసెప్షన్ బల్ల మీద బోలెడు బటన్ల ఫోను, గదుల్లో చవక ఫోన్లు, ఓనరు గదిలో ఎప్పటిదో నల్ల చక్రం ఫోను. అన్నిటి తీగలూ గోడకు బిగించిన ఒక్క ఈపీఏబీఎక్స్ బాక్సుకే, అంటే లోపలి ఫోన్లను ఒకదానితో ఒకటి, బయటి లైనుతో కలిపే చిన్న ఎక్స్చేంజీకే వెళ్తాయి. ఒక కంపెనీ ఫోను మరో కంపెనీ బాక్సుతో ఎలా కుదురుతుంది? కొన్ని ఎందుకు కుదరవు?

మామూలు ఫోను, నిజం చెప్పాలంటే, మొద్దు యంత్రం. తెలివంతా బాక్సుదే. అది రెండు తీగల మధ్య కొంత డీసీ వోల్టేజీ నిలబెడుతుంది. పెద్ద ఎక్స్చేంజీల్లో అది 48 వోల్టులు, చిన్న బాక్సుల్లో అంతకన్నా తక్కువే ఉండొచ్చు. రిసీవరు ఎత్తగానే సర్క్యూట్ కలిసి ఇరవై, ముప్పై మిల్లీ ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఎవరో ఫోనెత్తారని బాక్సుకు తెలిసేది అలాగే. గంట మోగించడానికి మాత్రం 75 వోల్టుల దాకా ఏసీ పంపుతుంది. లైను తీగలు వొట్టి చేత్తో పట్టుకున్నవాళ్లు ఉలిక్కిపడేది ఆ క్షణంలోనే.

అంకెలు పంపడానికి రెండు దారులు. 1963లో అమెరికాలో బెల్ సంస్థ తెచ్చిన బటన్ల ఫోనులో ఒక్కో అంకెకు రెండు స్వరాలు కలిసి మోగుతాయి. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్. ఒక్క స్వరమే అయితే మనిషి గొంతో, ఈలో దానికి సరిపోయి బాక్సు పొరబడే ప్రమాదం ఎక్కువ. చక్రం ఫోనుది మోటు పద్ధతి: ఎంత అంకె తిప్పితే అన్నిసార్లు కరెంటును తెంపుతుంది, సున్నాకైతే పదిసార్లు. కొత్త బాక్సులు కొన్నిటికి ఈ తెంపులు లెక్కపెట్టడం రాదు. అందుకే ఓనరు గదిలోని నల్లఫోను మోగుతుంది, మాటా వినిపిస్తుంది, నంబరు తిప్పితే మాత్రం కదలికుండదు.

అసలు చిక్కు ఫ్లాష్ బటన్‌తో. "అన్నా, కాల్ పైరూముకు మారుద్దామని ఫ్లాష్ నొక్కితే లైను కట్టయిపోతాంది" అని రిసెప్షన్ అమ్మాయి టెక్నీషియన్‌కు చెబుతుంది. ఫోను పాడైందనుకుని కొత్తది కొనేస్తారు, పాపం. ఫ్లాష్ చేసేది కూడా కరెంటును కాసేపు తెంపడమే. ఎంతసేపు తెగిందో చూసి బాక్సు అర్థం చేసుకుంటుంది: 60 మిల్లీసెకన్ల దగ్గరైతే (తెంపులు లెక్కపెట్టడం వచ్చిన బాక్సుకు) చక్రం ఫోను తిప్పిన ఒకటి, కొన్ని వందలైతే ఫ్లాష్, సెకను దాటితే ఫోను పెట్టేసినట్టు. కొన్ని ఫోన్లు 100 మిల్లీసెకన్లు తెంపుతాయి, కొన్ని 600. బాక్సు 100కు సెట్టయి ఉంటే 600 తెంపు దానికి ఫోను పెట్టేసినట్టే. చాలా బాక్సుల్లో ఈ సెట్టింగు మార్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఫోను రంగూ స్క్రీనూ చూసేవాళ్లే గానీ ఈ సంఖ్య అడిగేవాళ్లు ఎవరు?

రిసెప్షన్‌లోని ఆ బోలెడు బటన్ల ఫోను, అంటే కీ ఫోను, కథ వేరు. అది తన కంపెనీ బాక్సుతో సొంత భాషలో మాట్లాడుతుంది. జాక్ చూడ్డానికి అదే గనక జనం మోసపోతారు. కీ ఫోను కోసం పెట్టిన డిజిటల్ పోర్టుకు మామూలు ఫోను తగిలిస్తే సాధారణంగా డయల్ టోనే రాదు. పానసోనిక్ టీఈఎస్ 824 లాంటి హైబ్రిడ్ బాక్సులు కొన్ని పోర్టుల్లో రెండు రకాలనూ ఒప్పుకుంటాయి.

ఇంటర్నెట్‌లాంటి నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ ఫోన్లకు 'సిప్' అనే ఉమ్మడి ప్రమాణం ఉంది, ఇప్పుడు వాడుతున్న రూపం 2002 నాటిది. ఎవరి ఫోనైనా యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇస్తే కలుస్తుంది, అదనపు బటన్లన్నీ పనిచేస్తాయన్న పూచీ మాత్రం లేదు. పాత ఫోనును పారేయకుండా ఐపీ లైనుకు కలపాలంటే ఏటీఏ అనే చిన్న అడాప్టర్ చాలు.

ఇంట్లో ఫైబర్ లైను పెట్టించుకున్నవాళ్ల మోడెమ్‌లో ఫోను జాక్ ఉంటే అందులో ఉన్నదీ అలాంటి అడాప్టరే; గంటకు కావాల్సిన వోల్టేజీ అదే తయారుచేసుకుంటుంది. రాగి తీగల కాలంలో ఎక్స్చేంజీ బ్యాటరీల పుణ్యాన కరెంటు పోయినా ఫోను మోగేది. ఇప్పుడు మోడెమ్ ఆగితే ఫోనూ ఆగుతుంది, దానికో చిన్న యూపీఎస్ తగిలించాల్సిందే.