ఎదుటి మనిషికి కనిపించని కెమెరా

గండికోటకు బైకుల మీద వచ్చే కుర్రాళ్ల హెల్మెట్‌కు గోప్రో కెమెరా ఉంటే వీడియో తీస్తున్నారని ఎవరికైనా తెలిసిపోతుంది, ఇష్టం లేనివాళ్లు పక్కకు జరుగుతారు. అదే కడప ఏడురోడ్ల దగ్గర ఎదురయ్యే మనిషి నల్ల ఫ్రేం కళ్లద్దాల్లోనే కెమెరా ఉంటే? కళ్లద్దాల బ్రాండు రేబాన్, ఫేస్‌బుక్ కంపెనీ మెటా కలిసి చేసిన అలాంటి అద్దాలు 2025 మే నుంచి మన దేశంలోనూ అమ్ముతున్నారు, వచ్చినప్పుడు ధర రూ.29,900 నుంచి. ఒక మంచి ఫోన్ ధర. సిటీవాళ్ల గొడవలే అని వదిలేసే సంగతి కాదిది.

ఈ ఆలోచన పాతదే. నుదుటి మీద చిన్న కెమెరా పెట్టుకుని తిరిగే శాస్త్రవేత్తను అమెరికా ఇంజనీరు వానెవర్ బుష్ 1945లోనే ఊహించి రాశారు. నిజంగా ఒంటికి తగిలించుకుని బతికింది కెనడాకు చెందిన స్టీవ్ మాన్. 1980ల్లో ఆయనది హెల్మెట్, యాంటెన్నా, మోయలేనంత సామాను. 1990ల మధ్యకు అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో చదువుకుంటూ తను చూస్తున్నదాన్ని నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టేవారు. పెద్ద సంస్థలు పైనుంచి మనల్ని కెమెరాతో చూస్తుంటే, కింద నుంచి మనమూ వాళ్లను చూడాలన్నది ఆయన వాదన. నాకు అందులో న్యాయం కనిపిస్తుంది. పైగా ఆయన అవతారం చూస్తే చాలు, కెమెరా ఉందని తెలిసిపోయేది.

మేలు కూడా జరిగింది. మైక్రోసాఫ్ట్ వాళ్లు ఇంగ్లండ్‌లో తయారుచేసిన సెన్స్‌క్యామ్ మెడలో వేలాడుతూ దానంతట అదే ఫోటోలు తీసేది. మెదడు జబ్బుతో జ్ఞాపకశక్తి దెబ్బతిన్న ఒకావిడ, భర్తతో కూర్చుని ఆ ఫోటోలు మళ్లీ మళ్లీ చూశాక, జరిగిన విషయాలను నెలల తర్వాత కూడా చెప్పగలిగారు. ఇంట్లో మతిమరుపు జబ్బుతో పెద్దవాళ్లు ఉన్నవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

తర్వాత కెమెరా ఒంట్లోకే వెళ్లింది. ఒక కన్ను పోయిన కెనడా సినిమా దర్శకుడు రాబ్ స్పెన్స్ కృత్రిమ కంట్లో కెమెరా పెట్టించుకున్నారు. న్యూయార్క్‌లో పాఠాలు చెప్పే ఇరాకీ కళాకారుడు వఫా బిలాల్ 2010లో తల వెనక చర్మం కింద టైటానియం పలక వేయించుకుని, దానికి నిమిషానికో ఫోటో తీసే కెమెరా బిగించుకున్నారు. ఒళ్లు తట్టుకోలేక కొన్ని నెలలకే కొంత భాగం తీయించేయాల్సి వచ్చింది. అయితే క్యాంపస్‌లో ఉన్నంతసేపు లెన్స్‌కు మూత పెట్టాలని యూనివర్సిటీ ఆయనకు ముందే షరతు పెట్టింది. ఎదుటివాళ్ల సంగతేంటని అడిగిన ఆ ప్రశ్నే నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యం.

2013లో వచ్చిన గూగుల్ గ్లాస్ అనే కెమెరా కళ్లద్దాలను జనం మొహం మీదే వద్దన్నారు, 2015 జనవరిలో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు. తర్వాత వచ్చినవి మామూలు అద్దాల్లా ఉన్నాయి, రికార్డు చేస్తున్నప్పుడు ఒక చిన్న లైటు వెలుగుతుంది. మన ఎండలో ఆ లైటు ఎవరి కంట పడుతుంది? 2024లో ఇద్దరు హార్వర్డ్ విద్యార్థులు ఈ అద్దాలకు ముఖాన్ని బట్టి వెతికే సాఫ్ట్‌వేర్ కలిపి, దారినపోయేవాళ్ల పేర్లు, అడ్రసులు పట్టి చూపించారు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. కానీ ఆడవాళ్లను ఏకాంతంలో చాటుగా తీస్తే శిక్ష వేసే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, బజారులో కూరగాయలు కొంటున్నావిడను తీస్తే వర్తించదు. 2023 డేటా రక్షణ చట్టమేమో సొంత, ఇంటి అవసరానికి వాడుకునేదాన్ని తన పరిధిలోంచి తీసేసింది. చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. మన ఆసుపత్రి వార్డుల్లో, లేడీస్ హాస్టళ్ల గేట్ల దగ్గర సెల్‌ఫోన్లు వద్దని ఉండే బోర్డుల్లో కెమెరా కళ్లద్దాలు అన్న మాట కూడా ఇప్పుడే రాయించాలి.