కనిపించని ఆ గుర్తు గొడవ 1991 నుంచే

కంటికి కనిపించని కోడ్‌లన్నిటినీ టెక్స్ట్ సేవ్ అయ్యేలోపే తీసిపారేయాలన్న వాదన మళ్ళీ గట్టిగా వినిపిస్తోంది. ఆ జాబితాలో తెలుగు టైపు చేసేవాళ్లకు బాగా తెలిసిన జెడ్‌డబ్ల్యూఎన్‌జే (జీరో విడ్త్ నాన్ జాయినర్) కూడా ఉంది. పొల్లు తర్వాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా ఆపడం దాని పని. రాజ్‌కుమార్ అనే పేరు కంప్యూటర్లో 11 కోడ్‌లు. నాలుగోది పొల్లు, ఐదోది ఈ గుర్తు. ఐదోదాన్ని తీసేస్తే తెర మీద మిగిలేది రాజ్కుమార్. ఎవరి పేరైనా సరే, వాళ్లు రాసుకున్న తీరును ఒక ఫిల్టర్ మార్చేయడం అన్యాయం.

ఫాంట్ల కష్టాలు, ప్రపంచ లిపులన్నిటికీ ఒకే కోడ్‌ల పట్టికైన యూనికోడ్ రాక అందరికీ తెలిసిన కథే. ఈ గొడవకు అసలు మలుపు 1991. ఆ ఏడాది భారతీయ ప్రమాణాల సంస్థ భారతీయ లిపులను కంప్యూటర్లో కోడ్‌లుగా రాసే ఇస్కీ పద్ధతిని ప్రమాణంగా ఆమోదించింది. అందులో ఒత్తు వద్దనుకుంటే పొల్లు మీటను రెండుసార్లు నొక్కితే సరిపోయేది. రెండూ లిపిలోని కోడ్‌లే. అదే ఏడాది తొలి వెర్షన్‌తో వచ్చిన యూనికోడ్, 1988 నాటి ఇస్కీలోని అక్షరాల వరుసను తీసుకుంది కానీ జంట పొల్లు పద్ధతిని తీసుకోలేదు. ఆ బాధ్యత తెలుగు విభాగం బయట, 200సి సంఖ్య దగ్గరున్న జెడ్‌డబ్ల్యూఎన్‌జే మీద పడింది. పర్షియన్‌లో అక్షరాలను కలవనివ్వకుండా ఆపేదీ ఇదే. విండోస్‌లోని ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఇది రావాలంటే కంట్రోల్, షిఫ్ట్, 2 కలిపి నొక్కాలి.

టైపింగ్ కష్టం చిన్నది. యూనికోడ్ దీన్ని అక్షరంగా కాక, వెతుకులాటలోనూ అకారాది క్రమంలోనూ పట్టించుకోనక్కర్లేని గుర్తుగా లెక్కగట్టడమే పెద్ద దెబ్బ. మన స్పెల్లింగ్‌లో భాగమైనదాన్ని అలాంటి ఖాతాలో వేశాక, ఎవరో ఒకరు తీసేయడం ఖాయం.

మలయాళం వాళ్లు దీనికి తోబుట్టువులాంటి మరో కనిపించని గుర్తుతో ఇలాగే ఇబ్బందిపడ్డారు. ఏళ్ల తరబడి వాదించాక 2008లో, యూనికోడ్ 5.1లో, వాళ్ల చిల్లు అక్షరాలకు (అచ్చు చేరని హల్లుల ప్రత్యేక రూపాలకు) సొంత కోడ్‌లు దక్కాయి. తెలుగులో 2021లో నకారపొల్లుకు ('న్' పాత రూపానికి) ఒక కోడ్ వచ్చింది. మిగతా హల్లుల పరిస్థితి మారలేదు.

ఒకేలా కనిపించే రెండు పేర్లతో మోసం చేయొచ్చన్నది తీసేయాలనేవాళ్ల భయం. అది నిజమే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు క్రాష్ అయిన ఉదంతమూ వాళ్లకు కలిసొచ్చేదే. అప్పుడు తప్పంతా 'తెలుగు అక్షరం' మీదకు నెట్టారు. నిజానికి ఆ వరుసలో జ్ఞకూ దీర్ఘానికీ మధ్య జెడ్‌డబ్ల్యూఎన్‌జే ఉంది. జ్ఞానం అని రాయడానికి అక్కడ దాని అవసరమే లేదు. లోపం అక్షరాలను తెర మీద పేర్చే ప్రోగ్రాంలో ఉంది. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది.

చిత్రమేమిటంటే, అంతకు ఎనిమిదేళ్ల ముందే డొమైన్ పేర్ల (వెబ్‌సైట్ చిరునామాల) నియమాలు దీనికి దారి చూపాయి. 2003 నాటి నియమాల్లో ఈ గుర్తు చప్పుడు లేకుండా తొలగిపోయేది. 2010లో వచ్చినవి, మన లిపుల్లో పొల్లు వెంటనే వస్తే దాన్ని ఒప్పుకుంటాయి, లేకపోతే తిరస్కరిస్తాయి. ఆ లెక్కన రాజ్‌కుమార్ నిలుస్తాడు, ఐఫోన్లను పడగొట్టిన వరుస ఆగిపోతుంది. ఫిల్టర్ చేయాల్సిందల్లా ఒక కోడ్ వెనక్కి చూడటం. ఆ ఒక్క పరిశీలన ఎందుకు వద్దో, అన్నిటినీ తీసేయాలనేవాళ్లు ఇంతవరకూ సూటిగా చెప్పలేదు.