పెరటి రైలు పక్కన కట్టే చిన్న ఇళ్లు: అపోహలు - వాస్తవాలు

వానలు పట్టిన రెండు మూడు వారాలకి నాకు ఫోన్లు మొదలవుతాయి. బరంపురం నుంచి, రాయగడ నుంచి, ఒక్కోసారి మా పర్లాకిమిడిలోనే పక్క వీధి నుంచి. "స్టేషన్ గోడలు ఉబ్బిపోయాయండీ, ఇంకో కోటు వేస్తే సర్దుకుంటాయా?" సర్దుకోవు. పెరటి రైళ్లంటే ఇంటి పెరట్లో పట్టాలు వేసుకుని నడిపే నమూనా రైళ్లు. వాటి కోసం చిన్న చిన్న స్టేషన్లు, గూడ్స్ షెడ్లు, వంతెనలు కట్టి రంగులు వేయడం నా పని. ఈ పనిలో జనం డబ్బునీ, నెలల తరబడి పడిన కష్టాన్నీ ఎక్కువగా పోగొట్టుకునేది ఒకే ఒక్క నమ్మకం వల్ల. ముందు దాని సంగతి తేల్చి, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: మంచి ఎక్స్‌టీరియర్ పెయింటు వేస్తే ఏ బోర్డయినా వానకి ఆగుతుంది

ఆగదు. ఎన్ని కోట్లు వేసినా ఆగదు.

రంగు గోడ ముఖం మీద పడిన నీటిని ఆపుతుంది. కానీ నీరు దూరేది అక్కడ కాదు. కోసిన అంచుల్లోంచి, స్క్రూ కన్నాల్లోంచి, కిటికీ మూలల్లోంచి, అన్నిటికన్నా ఎక్కువగా గోడ నేలని తాకే చోట నుంచి దూరుతుంది. ఎం.డి.ఎఫ్. అంటే కర్ర పీచుని జిగురుతో కలిపి వేడి మీద నొక్కి చేసిన పలక. మామూలు రకంలో వాడే యూరియా జిగురు తేమకి తట్టుకోలేదు. అది వదిలేయగానే నొక్కుకుపోయి ఉన్న పీచు పాలలో ముంచిన బిస్కెట్టులా ఉబ్బుతుంది. తర్వాత ఎంత ఎండబెట్టినా పాత మందానికి రాదు. పైనేమో రంగు పొర మూసి ఉంది కాబట్టి లోపలి తేమ త్వరగా బయటికి పోలేదు. ఎండ కాయగానే పొక్కులు లేస్తాయి. అప్పుడు పెయింటు షాపు వాడిని తిడతారు. పాపం, వాడి డబ్బాలో లోపం లేదు.

నమ్మకం లేకపోతే రెండంగుళాల ముక్క కోసి, అన్ని వైపులా రంగు వేసి, ఆరాక ఒక అంచుని కొత్తగా కోసి, గ్లాసులో అర అంగుళం నీళ్లు పోసి ఆ అంచు మీద రాత్రంతా నిలబెట్టండి. పొద్దున్న వెర్నియర్ (మందం కొలిచే పనిముట్టు) పెట్టి కొలవండి. వెర్నియర్ లేకపోయినా వేలితో తడిమితే తెలిసిపోతుంది.

ప్లైవుడ్ అయితే ఫరవాలేదు కదా అంటారు. ఐ.ఎస్. 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లై (నీటికి తట్టుకునేలా చేసిన ప్లైవుడ్) వేసినా, ఆ ముద్ర ప్రధానంగా చెప్పేది జిగురు గట్టిదనం. పొరలు విడిపోవేమో గానీ అంచులో ఉన్న కర్ర కర్రే, నీళ్లు పీలుస్తుంది. మా ఎర్ర నేలలో చెదల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఈ పుకారు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. లేజర్‌తో కోసిన ఎం.డి.ఎఫ్. కిట్‌ని గదిలో బల్ల మీద పెట్టుకునేవాళ్లు వీడియో చేస్తారు. మనవాళ్లు అది చూసి కట్టి పెరట్లో పెడతారు. ఇక్కడ జూన్‌లో పట్టిన వాన అక్టోబరు దాకా వదలదు, పైగా అప్పుడే తుపానుల కాలం.

మరి దేంతో కట్టాలి? సైన్‌బోర్డులు చేసేవాళ్ల దగ్గర దొరికే పి.వి.సి. ఫోమ్ షీటుతో. గోడలకి 5 మిల్లీమీటర్లది, తలుపులకీ కిటికీలకీ 3 మిల్లీమీటర్లది. అది నీళ్లు తాగదు, చెదలు తినవు. మొద్దు సూదితో గట్టిగా గీస్తే ఇటుకల వరస పడుతుంది, ముతక గరుకు కాగితంతో ఒకే దిక్కుకి లాగితే చెక్క నార వస్తుంది. తర్వాత 220 నంబరు కాగితంతో మెరుపు పోగొట్టి, తుడిచి, ప్రైమరు, దాని మీద గేరు (ఎర్రమన్ను) రంగు. అది ఆరాక బాగా పల్చన చేసిన బూడిద రంగు పూసి, తడి గుడ్డతో వెంటనే తుడిచేయాలి. గాళ్లలో మిగిలినదే సున్నం గీతలా కనిపిస్తుంది. ఈ ఒక్క పనికి తొందర పడకండి. మొత్తం ఇంటికి ప్రాణం పోసేది అదే.

మా వీధి చివర ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. నౌపడ - గుణుపురం చిన్న రైలు ఎక్కి చదువుకున్న మనిషి. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ రెండున్నర అడుగుల గేజి (పట్టాల మధ్య దూరం) లైను 1900లో నౌపడ నుంచి ఇక్కడికి వచ్చింది, 1931లో గుణుపురం చేరింది. 2004లో ఆపేసి, 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్ గేజి చేశారు. ఆ పాత స్టేషన్‌ని ఆయన జ్ఞాపకంలోంచి గీసి, విశాఖలో ఎం.డి.ఎఫ్. మీద కోయించి, టికెట్ కిటికీ చువ్వలు కూడా విడివిడిగా అతికించారు. ఆషాఢం వానలకి అడుగంతా ఉబ్బింది. "బాబూ, మూడు కోట్లు వేశాను. ఇంకో రెండు వేస్తే నిలబడుతుందా?" అని అడిగారు. పక్కనే అమ్మగారు, "రాత్రుళ్లు లేచి టార్చి పట్టుకుని చూసొస్తున్నారు నాయనా" అన్నారు. ఆయన్ని చూస్తే లేదని చెప్పడానికి నోరు రాలేదు, అయినా చెప్పాను. తర్వాత ఇద్దరం కూచుని గోడలు ఊడదీసి, ఉబ్బని పై భాగాన్ని పట్టుకుని ఫోమ్ షీటు మీద ఒక్కో గోడా గీసుకున్నాం. ఆయన గుర్తు తెచ్చుకుని పెట్టిన కొలతలన్నీ ఆ ముక్కల్లోనే ఉన్నాయి. మీదీ ఇలా పాడైతే పారేయకండి. అవే మీకు టెంప్లేట్లు.

అపోహ: వానే శత్రువు, ఎండ ఏం చేస్తుంది?

చాలా చేస్తుంది. పి.వి.సి. వేడికి సాగుతుంది. 60 సెంటీమీటర్ల ప్లాట్‌ఫాం కప్పు చలికాలపు తెల్లవారికీ మే నెల మధ్యాహ్నానికీ మధ్య మిల్లీమీటరు పైగా పెరుగుతుంది. రెండు చివరలా బిగిస్తే వంగుతుంది. ఒక చివర బిగించి, రెండోచోట స్క్రూ కన్నం పొడుగ్గా చేయండి. కప్పుకి నల్ల రంగు వద్దు, లేత బూడిద చాలు. త్రీడీ ప్రింటు చేయించేవాళ్లు పి.ఎల్.ఎ. అనే ప్లాస్టిక్ వద్దనండి. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో మూసి ఉన్న ఇల్లు అంత వేడెక్కగలదు. ఎ.ఎస్.ఎ. అనే రకం ప్లాస్టిక్ అడగండి.

రంగు వెలిసిపోవడమూ ఎండ పనే. గేరు, పసుపు మన్ను లాంటి ఖనిజపు రంగులు ఏళ్ల తరబడి నిలుస్తాయి. మెరిసే గులాబీ, ఊదా స్టెయినర్లలో (పెయింటులో కలిపే రంగు ద్రవాల్లో) చాలావాటికి ఆ ఓపిక లేదు. ఇంటి అడుగున బురద చిమ్మినట్టు రంగు వేయాలా అని అడుగుతారు. వేయకండి, మొదటి వానకే అసలు బురద వచ్చి పడుతుంది.

అపోహ: ఎక్కడా సందు లేకుండా సీలు చేసేయాలి

దీనికి పూర్తిగా తిరగేసి చేయాలి. ఇంటి అడుగు భాగం మూయకండి, తెరిచే ఉంచండి. వెనక గోడలో పైన రెండు కన్నాలు పెట్టి వాటికి సన్న జాలీ అతికించండి, లేకపోతే కందిరీగలు గూడు కడతాయి. ఇంటిని మట్టి మీద కాకుండా కంకర పరిచి, ఆ పైన వేసిన సిమెంటు పలక మీద పెట్టండి. చూరు కింద అంచుకి కాస్త లోపలగా ఒక గాడి గీయండి. మేస్త్రీలు సన్‌షేడ్ కింద ఎందుకు గాడి వేస్తారో ఇక్కడా అందుకే, నీటి బొట్టు గోడ దాకా పాకకుండా అక్కడే రాలిపోతుంది.

అపోహ: జి స్కేల్ అంటే ఒకటే కొలత

కాదు. జి స్కేల్ అని పిలిచే పెరటి రైళ్లలో ఒకటిగా ఉండేది పట్టాల మధ్య 45 మిల్లీమీటర్ల దూరం మాత్రమే. దాని మీద మీటరు గేజి బళ్లు 1:22.5లో (అంటే అసలు కొలతలో 22.5వ వంతు), బ్రాడ్ గేజి కన్నా సన్నటి స్టాండర్డ్ గేజి బళ్లు 1:32లో, 1:29లో వస్తాయి. మా నౌపడ చిన్న రైలు లెక్క కడితే 1:17 దగ్గర. ఆరున్నర అడుగుల తలుపు 1:22.5లో 88 మిల్లీమీటర్లు. గోడ కోసే ముందు మీ దగ్గరున్న మనిషి బొమ్మని తలుపు గీత పక్కన నిలబెట్టి చూసుకోండి.

అపోహ: క్విక్ గమ్ చాలు

క్షణాల్లో అంటుకునే ఆ జిగురు పెళుసు. ఎండా తేమా మార్చి మార్చి తగిలితే అతుకు విడిపోతుంది. ఫోమ్ షీటుకి ఫోమ్ షీటు అయితే పి.వి.సి. పైపులకి వాడే సాల్వెంట్ సిమెంటు, రేకుకీ షీటుకీ అయితే ఎపాక్సీ. ఎపాక్సీ ఎండకి పసుపెక్కుతుంది, లోపలి వైపే వేయండి.

అపోహ: గట్టిగా కడితే తుపానుకి కదలదు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాలో ఎంత నష్టం చేసిందో చూసినవాళ్లెవరూ ఈ మాట అనరు. ఇంటిని పలకకి నాలుగు మూలలా స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలతో బిగించండి, మామూలువి తుప్పు పట్టి విప్పడానికి రావు. హెచ్చరిక రాగానే స్క్రూలు విప్పి ఇళ్లన్నీ లోపల పెట్టేయండి. పట్టాలు బయటే ఉండనివ్వండి, వాటి పక్కన నీరు పోయే కాలువలో ఆకులు మాత్రం ముందే తీసేయండి.