రంగం కూలీలు, రంగం షావుకార్లు: ఒకే లెక్కలో కలిపేసిన బతుకులు

అమెరికాలో భారతీయ కుటుంబాల ఆదాయం గురించి ఏదో ఒక లెక్క ప్రతి ఏడాదీ మన ఫోన్లలోకి వచ్చి పడుతూనే ఉంటుంది. ప్యూ రీసెర్చ్ సెంటర్ చెప్పిన ప్రకారం 2019లో అక్కడి భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం దాదాపు 1,19,000 డాలర్లు, అంటే మొత్తం అమెరికా కుటుంబాలతో పోలిస్తే రెట్టింపుకు దగ్గర. లెక్క నిజమే. చిక్కంతా దాని తోకకు తగిలించే మాటలతోనే: మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా కష్టపడతారు, పిల్లల్ని చదివిస్తారు, అందుకే పైకొస్తారు, అక్కడివాళ్ళకు ఆ పట్టుదల లేదు కాబట్టి కిందే ఉండిపోతారు అని. ఇలా అనేవాళ్ళకు ఒక పాత సంగతి గుర్తు చెయ్యాలి. మన తీరం నుంచే, మన భాషే మాట్లాడే లక్షల మంది, ఇప్పటివాళ్ళకు ఏ మాత్రం తీసిపోకుండా ఒళ్ళు వంచి, డల్లాస్ కాదు, రంగం వెళ్ళారు. రంగం అంటే రంగూన్, ఇప్పటి యాంగాన్. వాళ్ళు పైకి రాలేదు, చాలామంది ప్రాణాలతో తిరిగి కూడా రాలేదు.

1852 యుద్ధంతో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కేసరికి ఐరావతి డెల్టా చాలావరకు అడవీ, చిత్తడీ. 1850ల నడుమ ఏడెనిమిది లక్షల ఎకరాల్లో ఉన్న వరి సాగు 1930ల నాటికి 87 లక్షల ఎకరాలకు చేరింది. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకున్నాక ఆ బియ్యానికి యూరప్ దాకా గిరాకీ. అడవి కొట్టి పొలం చేసింది ఎక్కువగా ఎగువ బర్మా నుంచి దిగివచ్చిన బర్మా రైతులే. సొంతానికి భూమి దొరుకుతుంటే పట్నానికి వచ్చి బస్తాలు ఎవడు మోస్తాడు? మిల్లులకూ రేవుకూ మాత్రం బస్తాలు మోసేవాళ్ళు కావాలి, అదీ చవగ్గా, సీజన్‌కు వచ్చి సీజన్ అయ్యాక పోయేవాళ్ళు. 1886లో బర్మా మొత్తం బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమైపోయింది కాబట్టి పాస్‌పోర్టు గొడవ లేదు, వీసా గొడవ లేదు. ఇటు చూస్తే 1876-78 కరువు, జమీందారీ శిస్తులు, గంజాం నుంచి గోదావరి దాకా పనుల్లేని నెలలు. కంపెనీలకు ఇంతకంటే ఏం కావాలి.

కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్ల మీద డెక్కు టికెట్టుతో వెళ్ళేవాళ్ళు. వెళ్ళేవాళ్ళలో ఆడవాళ్ళు చాలా తక్కువ. పంపించేది మేస్త్రీ, అంటే కూలీల జట్లను కుదిర్చేవాడు. ఊళ్ళోకి వచ్చి బయానా ఇస్తాడు: ఓడ చార్జీ, దారిఖర్చు, ఇంటి దగ్గర ఇచ్చి వెళ్ళడానికి కొంత. ఆ బాకీ తీరేదాకా అతని జట్టులోనే పని. కంపెనీ కూలి డబ్బు నేరుగా కూలివాడి చేతికి ఇవ్వదు, కాంట్రాక్టరుకు ఇస్తుంది, అతను పెద్ద మేస్త్రీకి, అతను జట్టు మేస్త్రీకి, ఒక్కో చేతిలో కొంత ఆగిపోగా మిగిలిందే బస్తా మోసినవాడికి. ఈ పద్ధతిని ప్రభుత్వ విచారణలు మళ్ళీ మళ్ళీ తప్పుపట్టాయి, 1929-31లో కార్మికుల స్థితిగతుల మీద వచ్చిన రాయల్ కమిషన్‌తో సహా. అయినా అదే నడిచింది, ఎందుకంటే కూలీల బాగోగులు చూసుకునే తలనొప్పి లేకుండా జట్లకు జట్లు మనుషులు దొరకడం మిల్లులకూ ఓడ కంపెనీలకూ హాయి.

1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు 10 లక్షల పైచిలుకు, దేశ జనాభాలో ఏడు శాతం లోపు. తెలుగువాళ్ళు వాళ్ళలో లక్షన్నర పైనే. కానీ రంగూన్ ఊళ్ళో కథ వేరు. నాలుగు లక్షల మందిలో 2,12,929 మంది భారతీయులు, అంటే సగానికి మించి. సొంత దేశపు రాజధానిలో బర్మావాళ్ళు మూడో వంతు కూడా లేరు. మునిసిపాలిటీకి వచ్చే పన్నుల్లోనూ సగానికి పైగా భారతీయుల నుంచే. ఒక బర్మా యువకుడు ఊరి నుంచి వచ్చి ఆ వీధుల్లో నడిస్తే ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు: బ్యాంకు చెట్టియార్లది, గుడ్డల కొట్టు సూరతీది, పోలీసు పంజాబీ, పోస్టాఫీసు గుమాస్తా బెంగాలీ లేదా మద్రాసీ, రిక్షా లాగేది తెలుగువాడు, అందరి నెత్తిమీదా ఇంగ్లీషు దొర.

ఆ రిక్షా లాగేవాడు మాత్రం ఈ "సగానికి పైగా పన్ను"లో ఎక్కడా లేడు. వాడు ఉండేది కూలీల బసలో, గాలీ వెలుతురూ లేని గదిలో, చట్టం ఒప్పుకునేదానికి ఎన్నో రెట్ల మందితో కలిసి. కొన్నిచోట్ల పగటి పనివాళ్ళు లేచిన చోటే రాత్రి పనివాళ్ళు పడుకునేవాళ్ళు. 1928లో బెన్నిసన్ అనే అధికారి రంగూన్ కూలి కుటుంబాల, ఒంటరి కూలీల ఖర్చుల లెక్కలు తీసినప్పుడు తెలుగువాళ్ళను, ఒరియావాళ్ళను, తమిళులను, హిందుస్తానీలను, చిట్టగాంగ్‌వాళ్ళను విడివిడిగా చూశాడు. మంచి పని చేశాడు అనిపిస్తుంది, ఎందుకంటే రాజకీయ ఉపన్యాసాల్లో వీళ్ళందరికీ కలిపి ఒకటే పేరు, ఇండియన్.

ఇంకో లెక్క చూడండి, సంస్కృతి వల్లే గెలుపోటములు అనేవాళ్ళు దీనికి ఏం చెబుతారో నాకు తెలియదు. 1931లో అయిదేళ్ళు దాటినవాళ్ళలో అక్షరాస్యత మొత్తం ఇండియా సగటున నూటికి 10 మంది కూడా లేరు. బర్మాలో 37 మంది! ఇప్పటి కేరళలోని కొచ్చిన్, తిరువాన్కూరు సంస్థానాలు కూడా బర్మా తర్వాతే. ఊరూరా ఉన్న బౌద్ధ విహారాల్లో మగపిల్లలకు చదువు చెప్పడం అక్కడ ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. అంటే చదువుకున్న సమాజం స్థానికులది, వేలిముద్ర వేసే సమాజం వలస వచ్చినవాళ్ళది, అయినా పట్నంలో వ్యాపారం, ఉద్యోగం, కూలి మూడూ స్థానికుల చేతుల్లో లేవు. కొలువులకు కావలసింది విహారం చదువు కాదు, ఇంగ్లీషు. వ్యాపారానికి కావలసింది మద్రాసులో, సూరత్‌లో ముందే ఉన్న అప్పు సంబంధాలు. బర్మాలో చాలాకాలం పనిచేసిన ఫర్నివాల్ అనే ఇంగ్లీషు అధికారి తర్వాతి రోజుల్లో రాసినట్టు, అక్కడి జాతులు కలిసేది ఒక్క బజారులోనే, కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ తప్ప ఒకరితో ఒకరికి పొత్తు లేదు.

చెట్టియార్ల సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. చెట్టినాడు నుంచి వచ్చిన ఈ వడ్డీ వ్యాపారులే డెల్టా రైతుకు పెట్టుబడి. నిజం చెప్పాలంటే ఊళ్ళోని స్థానిక వడ్డీ వ్యాపారుల కంటే వీళ్ళ వడ్డీ తక్కువే, చెట్టియార్లకు భూములు చేసుకోవాలనీ లేదు, అప్పు తిరిగొస్తే చాలు. 1930లో ప్రపంచ మాంద్యం వచ్చి వడ్ల ధర సగానికి పడిపోయేసరికి అప్పులు తీరలేదు, తాకట్టు భూములు వాళ్ళ మెడకు పడ్డాయి. దిగువ బర్మాలోని ముఖ్యమైన 13 వరి జిల్లాల్లో 1930లో వాళ్ళ చేతిలో ఉన్నది 6 శాతం భూమి, 1930ల చివరికి 25 శాతం. అడవి కొట్టి పొలం చేసిన రైతు అదే పొలంలో కౌలుదారు అయ్యాడు. ఆ కోపం తప్పని ఎలా అంటాం? కానీ అది పడింది ఎవరి మీద?

1930 మే నెల. రంగూన్ రేవులో ఓడలకు సరుకు ఎక్కించే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. సరుకెత్తే కాంట్రాక్టు కంపెనీలు ఏం చేశాయంటే, అప్పటిదాకా రేవు పనికి పెద్దగా పిలవని బర్మావాళ్ళను తెచ్చి పనిలో పెట్టాయి. వాళ్ళు కొన్నాళ్ళు చేశారు. ఈలోగా సమ్మె రాజీ అయింది, తెలుగువాళ్ళు మళ్ళీ పనిలోకి. 26న పొద్దున్నే ఎప్పటిలాగే రేవుకు వచ్చిన బర్మా కూలీలకు తెలిసింది ఏమిటంటే, మీ పని అయిపోయింది, వెళ్ళిపోండి అని. ముందే చెప్పినవాడు లేడు. అక్కడ మొదలైన కొట్లాట ఊరంతా పాకింది, రోజుల తరబడి తెలుగు కూలీలను బసల్లోంచి, వీధుల్లోంచి లాగి నరికారు. చనిపోయినవాళ్ళు అధికారుల లెక్కలోనే వంద దాటారు, అసలు సంఖ్య అంతకు చాలా ఎక్కువని అప్పుడే అన్నారు. ఇద్దరు కూలీలను ఒకే ఉద్యోగానికి పోటీ పెట్టి చవకలో పని చేయించుకున్న కంపెనీల ఆఫీసులకు ఏమీ కాలేదు. ఆ గొడవల వేడిలోనే దొబామా సంఘం పుట్టింది, 'బర్మా మనది' అనే నినాదంతో. స్వాతంత్ర్య పోరాటానికి నాయకులను ఇచ్చింది ఆ సంఘమే. మన చరిత్ర పుస్తకాల్లో 1930 మే అంటే ఉప్పు సత్యాగ్రహం. రంగం రేవులో చచ్చిపోయిన తెలుగువాళ్ళకు అందులో ఒక్క పేరా కూడా లేదు.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు, అంతవరకు ఒకే దేశంలో పక్క రాష్ట్రానికి వెళ్ళిన కూలీ ఒక్కరోజులో విదేశీయుడు అయ్యాడు. 1938లో మళ్ళీ అల్లర్లు, ఈసారి సాకు మతం, ఎక్కువ దెబ్బ ముస్లింలకు. బ్యాక్స్టర్ అనే అధికారితో వలసల మీద విచారణ వేశారు. భారతీయులు వచ్చి బర్మావాళ్ళ పనులు లాక్కున్నారనడానికి పెద్దగా ఆధారం లేదనీ, చాలావరకు స్థానికులు చెయ్యని పనులే చేశారనీ ఆయన తేల్చాడు. అది చదివి ఎవరి మనసూ మారలేదు. 1941లో రెండు ప్రభుత్వాలూ వలసలను అదుపు చేసే ఒప్పందం రాసుకున్నాయి, అది అమలయ్యేలోపే జపాన్ విమానాలు వచ్చాయి.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. క్యాబిన్ టికెట్టుకు డబ్బున్నవాళ్ళు, ఇంకా సీటు దొరికినవాళ్ళు ఓడల్లో బయటపడ్డారు. మిగతా లక్షల మంది నడిచారు, కొందరు అరకాను కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, కొందరు తమూ మీదుగా మణిపూర్ వైపు, అడవులూ మలేరియా కలరా మధ్య. దారిలో పోయినవాళ్ళు ఎందరో, పదివేలు అని ఒకరు, యాభై వేలు దాటి అని ఇంకొకరు. తెల్లవాళ్ళకు మంచి దారి, మిగతావాళ్ళకు కష్టమైన దారి అన్న ఆరోపణ అప్పట్లోనే ఢిల్లీ దాకా వెళ్ళి గొడవైంది.

యుద్ధం అయ్యాక కొందరు బర్మాకు తిరిగి వెళ్ళారు, కొందరు అసలు అక్కడి నుంచి రానేలేదు. 1948 భూ జాతీయీకరణ చట్టంతో చెట్టియార్ల భూములు పోయాయి. 1962 మార్చి 2న నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది, 1964లో కొట్లు జాతీయం చేసి, అదే ఏడాది మేలో 50, 100 చాట్ల నోట్లు రద్దు చేసింది. చిల్లర కొట్టువాడికీ పెద్ద షావుకారుకీ ఒకేసారి దెబ్బ. పుట్టి పెరిగిన ఊరు వదిలి, బంగారమూ డబ్బూ రేవులో తనిఖీవాళ్ళకు అప్పగించి, లక్షల మంది మద్రాసుకూ విశాఖకూ ఓడలెక్కారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వచ్చిందే. అక్కడ దిగినవాళ్ళలో తెలుగు చదవడం రాని తెలుగువాళ్ళు ఉన్నారు, ఈ గడ్డ మీద వాళ్ళను పిలిచిన పేరు బర్మావాళ్ళు.

ఇప్పుడు అమెరికా లెక్క దగ్గరికి రండి. 1946 దాకా భారతీయులకు ఆ దేశపు తలుపు దాదాపు మూసే ఉంది, ఆ తర్వాత కూడా ఏడాదికి వంద మంది కోటా. 1965 అక్టోబర్ 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టిన చట్టం తలుపు తీసింది, కానీ అందరికీ కాదు, చదువూ నైపుణ్యమూ ఉన్నవాళ్ళకు, ముందే అక్కడ ఉన్నవాళ్ళ చుట్టాలకు. 1990 చట్టం హెచ్-1బి తెచ్చింది, దానికి డిగ్రీ తప్పనిసరి. అందుకే 2019లో పాతికేళ్ళు దాటిన అమెరికా భారతీయుల్లో నూటికి 75 మందికి డిగ్రీ ఉంది, మొత్తం అమెరికన్లలో 33 మందికి. ఇంత ఏరి తెచ్చిన గుంపును తీసుకెళ్ళి, తరతరాలుగా బానిసత్వం, ఆ తర్వాత ఇంటి అప్పు కూడా పుట్టని పేటలు చూసిన నల్లజాతి అమెరికన్ల పక్కన నిలబెట్టి, చూశారా మన పట్టుదల అనడం నాకైతే సిగ్గుగా ఉంటుంది. శ్రీకాకుళం నుంచి రంగం వెళ్ళినవాడి పట్టుదల ఎక్కడ తగ్గింది? వాడిని ఎంచుకున్న మేస్త్రీ భుజాలు చూశాడు, మార్కుల లిస్టు చూడలేదు, అంతే తేడా.

బర్మాలో మిగిలిపోయినవాళ్ళ సంగతి కూడా ఉంది. 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందు నుంచి అక్కడ ఉన్న జాతులనే సొంతవాళ్ళుగా లెక్కేసింది, అంటే మొదటి ఇంగ్లీషు యుద్ధానికి ముందు ఏడాది గీత. ఆ గీత తర్వాత వచ్చినవాళ్ళకు, వాళ్ళ మనవలకు, పౌరసత్వంలో వేరే తరగతులు. ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల జాబితాలో తెలుగువాళ్ళు లేరు. మౌల్మెయిన్ వైపు, యాంగాన్ చుట్టుపక్కల ఇప్పటికీ తెలుగు కుటుంబాలు ఉన్నాయి, వ్యవసాయం, చిన్న వ్యాపారాలు, బర్మా పేర్లు, ఇంట్లో కొంత తెలుగు.