తల తిరిగితేనే బీపీ బిళ్ళా?

కావలి నుంచి ఒక పాఠకురాలు రాశారు: ‘మా నాయన బీపీ బిళ్ళ రోజూ వేసుకోడు. తల తిరిగితేనే వేసుకుంటాడు, సాయంత్రానికి తగ్గిందంటాడు. ఎట్లా నచ్చజెప్పేది?’

ఆయన్ని మొండివాడనుకోవద్దు. జబ్బుపడ్డ ప్రతి మనిషీ సొంతంగా ఓ లెక్క కట్టుకుంటాడని హోవార్డ్ లెవెంథాల్ అనే మనస్తత్వవేత్త చెప్పాడు. జబ్బు గుర్తేంటి, ఎందుకొచ్చింది, ఎన్నాళ్ళుంటుంది, ఏం చేస్తుంది, దేనికి లొంగుతుంది: మందు వాడేదీ మానేదీ ఈ ఐదింటిని బట్టే. 1985లో ఆయన బృందం అమెరికాలో బీపీ రోగులను అడిగింది. బీపీ పెరిగితే మనిషికి తెలియదని ఒప్పుకున్నవాళ్ళలో కూడా చాలామంది, తమది మాత్రం తమకు తెలుస్తుందన్నారు.

ఈ నమ్మకాన్ని మందే బలపరుస్తుంది చూడండి. మన దగ్గర చాలామంది వాడే ఆమ్లోడిపిన్ మింగాక రక్తంలో గరిష్ఠానికి చేరడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. ఆలోగా తలతిప్పు దానంతటదే తగ్గుతుంది, పేరు బిళ్ళకొస్తుంది. ఇక రోజూ వాడేవాళ్ళ సంగతి. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికి 30 నుంచి 50 గంటలు కావాలి. 40 అనుకుంటే, ఒకరోజు మానినా మూడింట రెండొంతులు మిగిలే ఉంటుంది. మూడు రోజులకు మూడో వంతు కంటే తక్కువ. మానిన మర్నాడు ఏమీ కాదు. ‘మానినా బాగానే ఉన్నా’ అన్న రుజువు చేతికొచ్చేస్తుంది. బీపీ మళ్ళీ పెరిగేది ఆ తర్వాత, చడీచప్పుడు లేకుండా.

కనిగిరి వైపు ఇంకో చిక్కు. ఫ్లోరైడ్ నీళ్ళతో, కిడ్నీ జబ్బులతో బెదిరిపోయిన పల్లెలవి. ఈ బిళ్ళతో కొందరికి చీలమండలు వాస్తాయి. సన్నటి రక్తనాళాల నుంచి నీరు ఊరడం వల్ల వచ్చే వాపది. ‘బిళ్ళ కిడ్నీలు తినేస్తోంది’ అని మానేస్తారు. నిజానికి కిడ్నీలను తినేది అదుపులో లేని బీపీ. వాపొస్తే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రపరీక్ష చేయించి, డాక్టరుతో మందు మార్పించుకోవాలి.

పక్షవాతం వస్తుందని బెదిరించడం మన ఆసుపత్రుల్లో పాత అలవాటు. ఏం చెయ్యాలో చెప్పకుండా భయపెడితే మనిషి పరీక్షకే రావడం మానేస్తాడు. మీ నాయన లెక్కలో తలతిప్పు ఉన్నచోట బీపీ అంకె పెట్టండి. చేతికి పట్టీ కట్టే మిషన్‌తో, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తున ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. ఉదయం, సాయంత్రం, ఏడు రోజులు. మొదటిరోజువి వదిలేసి సగటు కట్టండి. ఇంట్లో సగటు 135/85కి చేరినా, దాటినా ఎక్కువే. తల తిరిగినప్పుడూ, హాయిగా ఉన్నప్పుడూ ఎంతుందో పక్కపక్కనే ఆయన చేతనే రాయించండి.

మర్చిపోయేవాళ్ళకు పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త చూపిన దారి ఉంది. ‘రోజూ వేసుకుంటా’ అనుకుంటే చాలదు. ‘పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టగానే వేసుకుంటా’ అని ఒక పనికి ముడేయాలి. అయినా తప్పితే, 12 గంటల్లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు. దాటితే వదిలేసి, మర్నాడు మామూలుగా ఒక్కటే.