రికార్డు చివర పలికిన పేరు

1902 నవంబరులో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ వాళ్లు మన పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. పేరున్న ఉస్తాదులు చాలామంది రికార్డింగు యంత్రం గొట్టం ముందు పాడటానికి వెనకాడారు. ధైర్యం చేసి ముందుకొచ్చింది నాటకాల్లో, మెహఫిళ్లలో పాడే ఆడవాళ్లు. వాళ్లలో గౌహర్ జాన్ పాట అయ్యాక తన పేరు తనే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. రికార్డులు జర్మనీలో తయారయ్యేవి కాబట్టి, లేబుల్ మీద వేయాల్సిన పేరు అక్కడివాళ్లకు తెలియాలని అలా చెప్పేవారట. రెండు మూడు నిమిషాల్లో ఒక రాగాన్ని ఎలా ఇమడ్చాలో దేశానికి చూపించింది ఆ గాయనులే. చాలాకాలం మన సంగీత చరిత్రలు వాళ్లను ఒక్క వాక్యంలో దాటేశాయి. అది నాకు పెద్ద అన్యాయంగా కనిపిస్తుంది.

ఆ తర్వాత రేడియో వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో ఆకాశవాణి, వ్యక్తిగత జీవితం 'అపకీర్తి'గా ఉందనుకున్న గాయనులకు తలుపులు మూసింది. అమ్మాయిలను గుళ్లకు అంకితమివ్వడాన్ని నిషేధిస్తూ 1947లోనే మద్రాసు దేవదాసీ చట్టమూ వచ్చింది. ఆ దురాచారం పోవాల్సిందే. కానీ క్షేత్రయ్య పదాలను, జావళీలను తరతరాలుగా నోట నిలుపుకున్న కళావంతుల, అంటే తెలుగునాట దేవదాసీ కుటుంబాల గాయనుల పేర్లు కూడా దాంతోపాటే చెరిగిపోయాయి. పదాలు మాత్రం కచేరీ వేదికలెక్కి గౌరవం పొందాయి.

పత్రికల కథా ఇలాంటిదే. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' పత్రిక ప్రారంభించినప్పుడు, డబ్బులిస్తామన్నా తిలక్ స్థాపించిన 'కేసరి' పత్రిక దాని ప్రకటన వేయలేదు. సినిమాల్లోనూ అంతే. మలయాళంలో మొదటి సినిమా 'విగతకుమారన్'లో నాయర్ స్త్రీగా నటించినందుకు దళిత నటి పి.కె. రోజీ మీద అగ్రకులాల వాళ్లు దాడికి దిగారు, ఆమె ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఆ సినిమా ప్రింటు కూడా ఇప్పుడు లేదు.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో సంగతి చూడండి. స్టూడియో 1998కే సిద్ధమైంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అయినా ప్రభుత్వం కమ్యూనిటీ రేడియోకు 2002లో ముందు విద్యాసంస్థలనే అనుమతించింది, స్వచ్ఛంద సంస్థలకు 2006 దాకా దారి ఇవ్వలేదు. ఈలోగా ఆ మహిళలు ఊరికే కూర్చోలేదు. పంటలు, విత్తనాలు, జబ్బులు, పాటలు తమ యాసలోనే టేపుల్లోకి ఎక్కించుకుని, సంఘం మీటింగుల్లో పెట్టుకుని విన్నారు. 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలైంది.

సంఘం రేడియో పుట్టిన తేదీగా అందరూ రాసేది ఆ రోజునే. నేనైతే టేపులు తిరిగిన ఆ పదేళ్లనూ అందులో కలిపి లెక్కపెడతాను.